స్పెయిన్ కవి ఆంతోనియో మచాదో



స్పెయిన్ దేశపు ఆధునిక కవులలో ఆంతోనియో మచాదో పేరు ముందు వరుసలోనిది. గ్రంథాలయ రజతోత్సవ వేళ అతనిని స్మరించుటకు తగిన కారణము కలదు. అతని వంశము తరతరములుగా పుస్తకములతోడను, ప్రజల పాటలతోడను బ్రదికిన వంశము.

1875 జూలై 26వ తేదీన సెవిల్ నగరమున అతడు జన్మించెను. తాత విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రాచార్యుడు. నాయనమ్మ సిప్రియానా పల్లెలలోని కథలను సేకరించిన విదుషి. ఆమె మేనమామ ఆగుస్తీన్ దురాన్ జాతీయ గ్రంథాలయాధ్యక్షుడై, ప్రాచీన గాథలను సంపుటములుగా కూర్చెను. బాలుడైన ఆంతోనియో అక్షరములు కూడబలుకుకొని చదువనేర్చినది ఆ గాథలలోనే! తండ్రి, 'ప్రజామిత్రుడు' అను అర్థము గల మారుపేరుతో వ్రాయుచు, జిప్సీలును సామాన్యులును పాడుకొను పాటలను సేకరించి 1881లో అచ్చు వేయించెను. ఆ శ్రమకు పేరు వచ్చినదేగాని ధనము రాలేదు. 1893లో ఆయన గతింపగా సంసారము చితికిపోయెను.

అన్న మనుయేల్ ఒక యేడు పెద్ద; అతడును కవియే. 1899లో సోదరులిరువురును పారిస్ నగరమున నొక ప్రచురణాలయమునకు అనువాదములు చేసి పొట్టపోసికొనిరి. 1903లో ఆంతోనియో తొలి సంపుటి వెలువడెను. కాని కవిత్వము కూడు పెట్టునా? 1907లో సోరియా అను చిన్న పట్టణమున ఫ్రెంచి ఉపాధ్యాయుడుగా చేరెను. దువెరో నదియు, రాతిగుట్టలును, బీడు నేలలును అతని కవితకు క్రొత్త చూపు నొసగెను. తాను బసచేసిన యింటివారి కూతురు లెయొనోర్‌ను 1909లో వివాహమాడెను. అతనికి 34 ఏండ్లు, ఆమెకు 15. 'కాస్తీయా పొలములు' అను సంపుటి 1912లో వెలువడెను. ఆ యేటనే ఆగస్టు 1వ తేదీన ఆమె క్షయవ్యాధితో కన్నుమూసెను. ఆ యూర నిలువలేక అతడు దక్షిణమున బయేసాకు తరలిపోయెను. మరల పెండ్లి చేసికొనలేదు.

1919లో సెగోవియా పట్టణమునకు మారి, మిత్రులతో గూడి అచ్చట ప్రజా విశ్వవిద్యాలయమును స్థాపించెను. శ్రామికులకు రుసుము లేకుండ పాఠములు చెప్పు సంస్థ యది. 1927లో స్పానిష్ అకాడమీ సభ్యునిగా ఎన్నుకొనబడెను. ఆ పీఠము నతడు ఎన్నడును అధిష్ఠింపలేదు. అంతకంటె గొప్ప పని 1931లో చేతికి వచ్చెను. పల్లెలకు విద్యను గొంపోవుటకు ప్రభుత్వము నియమించిన సంఘమున అతడు సభ్యుడయ్యెను. బాటలు లేని కొండపల్లెలకు సంఘమువారు కంచరగాడిదలపై పోయిరి. వారు పంపిన గ్రంథాలయములు అయిదారేండ్లలో 5,000కు మించెను. మొదట ఒక్కొక్కదానికి 100 పుస్తకములు. బడిలో నుంచి, పిల్లలకే గాక పెద్దలకును పుస్తకములిచ్చు భారము ఊరి ఉపాధ్యాయునిదే.

మనుయేల్ సైతము మద్రిద్‌లో పురపాలక గ్రంథాలయమునకు అధ్యక్షుడు. సోదరులు జంటగా నాటకములు వ్రాసిరి. 1929లో ప్రదర్శింపబడిన దానికి మంచి ఆదరణ లభించెను. ఇట్టి అన్నదమ్ములను 1936 జూలైలో చెలరేగిన అంతర్యుద్ధము వేరుచేసెను. అప్పుడు బుర్గోస్ నగరమున నున్న మనుయేల్ ఫ్రాంకో పక్షమున చిక్కి, పిదప ఆ పక్షమునే నిలిచెను. ఆంతోనియో రిపబ్లిక్ పక్షమును వీడలేదు. వారు మరల కలిసికొనలేదు.

1939 జనవరిలో బార్సెలోనా పడిపోవుచుండగా, ఆంతోనియో ముదుసలి తల్లితోడను, తమ్ముడు హోసేతోడను శరణార్థుల గుంపులో బయలుదేరి ఫ్రాన్సు సరిహద్దు దాటెను. సామాను త్రోవలోనే పోయెను. కోలియూర్ అను సముద్రతీరపు టూర నొక పూటకూళ్లయింట దిగిరి. అచ్చటి రైల్వే స్టేషన్ ఉద్యోగి యొకడు కవిని గుర్తించి, చదువుకొనుటకు పుస్తకములు ఎరువిచ్చెను. ఇంటినిండ పుస్తకములు గల వంశమువానికి చివరిదినములలో మిగిలినవి ఆ యెరువు పుస్తకములు! ఫిబ్రవరి 22వ తేదీన అతడు మరణించెను. మూడు దినములకు తల్లియు గతించెను.

తమ్ముని మరణవార్త విని మనుయేల్ బుర్గోస్ నుండి కోలియూర్‌కు వచ్చెను. తల్లియు లేదని అతనికి తెలిసినది అచ్చటికి చేరిన పిమ్మటనే.