ఆగడం ఎవరికి నేర్పుతున్నాం?

(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లల పెంపకం గురించి మాట్లాడమంటే నాకు కొంచెం భయమే. ఏం చెప్పినా చివరికది తల్లి మెడకే చుట్టుకుంటుంది. బజారులో పిల్లవాడు బొమ్మ కోసం దొర్లి ఏడిస్తే అందరూ తల్లి వంకే చూస్తారు. తండ్రి ఊసెత్తరు. అందుకే ముందుగా చెబుతున్నాను, నేను తల్లిదండ్రులు అన్నప్పుడల్లా ఇద్దరినీ ఉద్దేశించే అంటున్నాను.

కావాలనిపించగానే లాక్కోవడం, కోపం రాగానే కొట్టడం మూడేళ్ళ పిల్లలకు సహజం. అది పొగరు కాదు. తమను తాము ఆపుకోవడానికి తోడ్పడే మెదడు భాగాలు ఇరవై ఏళ్ళు దాటినా ఎదుగుతూనే ఉంటాయి. పెద్దవాళ్ళు చెప్పే మాటలనే పిల్లలు మొదట పైకి, తర్వాత మనసులో తమకు తాము చెప్పుకుంటారని సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ వివరించాడు. "ఆగు, వేడిగా ఉంది" అని మనం రోజూ అంటే, కొన్నాళ్ళకు పాప కంచం ముందు కూర్చుని "వేడి, ఆగు" అని తనే అనుకుంటుంది. దెబ్బ కొట్టి ఆపితే ఈ మాట దక్కదు. కొట్టేవాళ్ళు ఎదురుగా ఉన్నంతసేపే ఆగుతుంది.

అమెరికాలో 1960ల చివర వాల్టర్ మిషెల్ అనే ఆయన పిల్లల ముందు మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తానన్నాడు. ఆగిన పిల్లలే పెద్దయ్యాక చదువులో రాణించారని తర్వాత చాలా ప్రచారం జరిగింది. పేదవాళ్ళకు నిగ్రహం లేదనడానికి కొందరికిది బాగా పనికొచ్చింది కూడా. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ పరిశీలించినప్పుడు, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2013లో సెలెస్ట్ కిడ్ బృందం ప్రచురించిన పని. 28 మంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనమే. మంచి రంగులు తెచ్చిస్తామని చెప్పి సగంమందికి తెచ్చిచ్చారు, మిగతా వాళ్ళకు "లేవు" అన్నారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట 3 నిమిషాలే. ఆ పిల్లలకు లేనిది ఓర్పు కాదు, నమ్మకం. కూలికి పోయే తల్లి "సాయంత్రం తెస్తా" అంటుంది. ఆ సాయంత్రం మేస్త్రీ డబ్బులివ్వడు. మాట తప్పిందెవరు?

ఇక మన ఇళ్ళ సంగతి. అన్న జుట్టు పీకితే "వాడు మగపిల్లాడు, నువ్వే సర్దుకో" అని చెల్లెలికి చెబుతాం. ఆమె నేర్చుకునేది కోపాన్ని మింగడం. వాడికైతే అదీ నేర్పం. మన కేంద్రాలకు వచ్చే స్త్రీలు "ఆయన కోపం ఆపుకోలేడండీ" అంటుంటే మీరూ వినే ఉంటారు. యజమాని ముందు ఆపుకుంటాడా అని అడగండి. ఆపుకుంటాడు. ఎవరి ముందు ఆగనక్కర్లేదో వాడికి చిన్నప్పుడే తెలిసింది.

చెయ్యెత్తిన పిల్లవాడి చెయ్యి పట్టుకుని "కోపమొచ్చింది, తెలుసు. కొట్టనివ్వను" అని చెప్పాలి. ఆ మాట తండ్రి చెబితే మరీ మంచిది. ఒక ఊళ్ళో ఇలా అన్నప్పుడు వెనకనుంచి ఒకామె లేచి, "ముందు వాళ్ళ నాన్న నామీద చెయ్యెత్తడం మానాలి కదమ్మా" అంది. ఆ పూట మిగిలిన సమయమంతా మేం దాని గురించే మాట్లాడుకున్నాం.