బాస్కెట్‌బాల్ ఆటగాని బూటు



నేడు నేను చెప్పబోవునది బాస్కెట్‌బాల్ ఆటలో తొడుగు బూటును గూర్చి. బుట్టబంతి యని తెనుగున చెప్పవచ్చును గాని, ఆడు పిల్లలెవ్వరును ఆ మాట యెరుగరు. కావున వారి మాటనే వాడెదను. బూటు చిన్న విషయమని కొందరు తలంపవచ్చును. కాని పరిమితమైన జీతముతో ఇల్లు గడుపుకొను తండ్రి యొకడు, పదునైదువేల రూపాయల బూట్లే కావలెనని పట్టుపట్టిన పదునాలుగేండ్ల కుమారుని వెంటబెట్టుకొని అమీర్‌పేటలో నొక అద్దాల దుకాణపు మెట్లమీద నిలుచున్నప్పుడు, అది ఆయనకు చిన్న విషయము కాదు. నేను ఆ ప్రాంతముననే యొక సిమెంటు మైదానముమీద సాయంకాలములందు పిల్లలకు ఈ యాట నేర్పుచుందును. తల్లిదండ్రులు నన్నడుగు ప్రశ్న యొక్కటే: "ఏది కొనమందురు?" వారికి నిలుచుండి చెప్పు జవాబును ఇచ్చట కొంచెము విస్తరించి చెప్పెదను.

అమీర్‌పేట కూడలినుండి పంజగుట్ట వరకు ఒకమారు నడచిపోయినచో లోకమునందలి బూట్లన్నియు మనకు కనబడును. తలమీదుగా మెట్రోరైలు పోవుచుండును. ప్రక్కన పెద్ద కంపెనీల దుకాణములు, చల్లని గాలి, ఒక్కొక్క బూటుకు ఒక్కొక్క దీపము. వాటి యెదుటనే కాలిబాటమీద పరచిన పట్టామీద అవే రంగులు, అవే గుర్తులు గల బూట్లు కుప్పగా పోసి యుండును. ధర అందులో పదవవంతైనను ఉండదు. కోచింగు సెంటర్లకు వచ్చి వసతిగృహములలో నుండు విద్యార్థులు ఈ రెంటి నడుమ తిరుగుచుందురు. ఏది నిజమో ఏది నకలో గుర్తుపట్టుట వారికి వేడుక. అసలు ప్రశ్న అది కాదని నా అభిప్రాయము. కాలికి బూటు చేయవలసిన పని యేమి, ఆ పని యిది చేయునా చేయదా యనునదే ప్రశ్న.

ఈ యాటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. చలికాలములో నాలుగు గోడల నడుమ ఆడుటకై కల్పించిన ఆట యిది. బల్లచెక్కల నేల, పైన కప్పు, అటక కంచెకు కట్టిన పండ్లబుట్టలు. ఆట పుట్టుక యది. మన దేశమునకు వై.ఎమ్.సి.ఏ. సంఘముల ద్వారా వచ్చెను. 1920లో మదరాసున హ్యారీ క్రో బక్ దొర స్థాపించిన వ్యాయామ విద్యాలయము దక్షిణ దేశమున దీనిని వ్యాపింపజేసినవానిలో ముఖ్యమైనది. కాని మన యొద్దకు వచ్చునప్పటికి ఆట గోడలు దాటి బయటపడినది. మన బడులలో, కాలనీలలో నేల సిమెంటు, పైన ఎండ, నేలమీద సన్నని దుమ్ము. అక్కడి చెక్కనేలకై తలపెట్టిన బూటును ఇక్కడి సిమెంటుమీద తొడుగుటలోనే మన చిక్కులలో సగము పుట్టినవి.

ఇరువది యెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల స్థలములో పదిమంది పరుగెత్తుదురు. పరుగు తిన్ననిది కాదు. నాలుగడుగులు వేసి చప్పున నిలువవలెను, ఒంటికాలిమీద గిరుక్కున తిరుగవలెను, ప్రక్కకు జరుగవలెను, నేలకు 3.05 మీటర్ల యెత్తున నున్న కడియమువైపు ఎగురవలెను. ఎగిరినవాడు దిగవలెను గదా! ఆ దిగునప్పుడు పాదముమీద పడు తాకిడి శరీరపు బరువునకు అనేక రెట్లుండును. పరుగుపందెపు బూటు ముందునకు పోవుటకు మాత్రమే చేసినది. మడమక్రింద మెత్తగా, ఎత్తుగా నుండును. దానిని తొడిగి ప్రక్కకు దూకినచో పాదము ఆ యెత్తుమీదనుండి జారును. పిల్లవానికి ఒకే జత కొనగలిగినవారు పరుగుబూటు కొని దానితోనే యన్ని యాటలు నడుపుదమని తలంతురు. ఈ యాటకు మాత్రము అది తగదు.

చరిత్ర రెండు మాటలలో చెప్పి ముందుకు పోయెదను. 1917లో కన్వర్స్ కంపెనీ గుడ్డతొడుగు, రబ్బరు అడుగు గల ఎత్తుబూటును తెచ్చెను. తరువాత ఏబదియేండ్లు ఇంచుమించుగా అదే రాజ్యమేలినది. 1969లో అడిడాస్ వారి తోలుబూటు సూపర్‌స్టార్, 1982లో అడుగున గాలితిత్తి పెట్టిన నైకీ వారి ఎయిర్ ఫోర్స్ వన్, 1985లో మైకేల్ జార్డన్ పేర వెలసిన బూటు వచ్చెను. ఆ చివరిదానితో బూటు ఆటవస్తువు మాత్రమే గాక అలంకారవస్తువును, బేరపువస్తువును ఐనది. ఆ తరువాతి కథ అమీర్‌పేట వీధిలోనే చూడవచ్చును.

బూటునకు మూడు భాగములు: నేలను తాకు రబ్బరు అడుగు, దానిపైనుండు నురుగు పొర, పాదమును కప్పు తొడుగు. అంగడివాడు తొడుగును చూపును. నేను మొదట బూటును తలక్రిందులు చేసి అడుగును చూతును.

అడుగుమీది గీతలు చేపముల్లువలె వంకరటింకరగా పోవుచుండిన మంచిది. ఏ దిక్కునకు కాలు జారబోయినను ఒక అంచు నేలను పట్టుకొనును. గీతల నడుమ చాళ్లు తెరచియుండుటచే దుమ్ము వెలుపలికి పోవును. చాళ్లు మరీ సన్ననివైనచో మన మైదానముల దుమ్ము పది నిమిషములలో వానిని పూడ్చును. పిమ్మట పిల్లవాడు నూనెమీద నడచినట్లే. ఇక రబ్బరు సంగతి. మెత్తని రబ్బరు చెక్కనేలను గట్టిగా పట్టుకొనును, కాని సిమెంటు దానిని ఆకురాయివలె అరగదీయును. రోజును ఆడు పిల్లవాని బొటనవ్రేలి క్రింద గీతలు రెండు మూడు మాసములలో నున్నబడుట నేను చూచియున్నాను. గోరుతో నొక్కిచూచినచో గట్టిగా తోచు రబ్బరు, లోతైన గీతలు గలది ఆరుబయటి యాటకు తగును. కొన్ని కంపెనీలు బయటి నేలలకని గట్టి రబ్బరు వేసి, ఆ విషయమును అడుగుననే ముద్రించుచున్నవి. నైకీ వారు ఎక్స్‌డీఆర్ అని వ్రాయుదురు. ఆ మూడక్షరములకై వెదకుమని పిల్లలకు చెప్పుదును. గీతలు నున్ననైన బూటు పైకెంత క్రొత్తగా నున్నను, దాని ఆయువు తీరినదే.

నురుగు పొరను గూర్చి ప్రకటనలు చాల చెప్పును. మెత్తదనము మంచిదే, కాని మరీ మెత్తనైన పొర దిగినప్పుడు ఒకవైపునకు క్రుంగును. అంగడిలో తొడిగి ఒంటికాలిమీద నిలిచి చూడవలెను. కాలు అటునిటు ఊగినచో ఆ బూటు వలదు. మడమ వెనుకభాగమును చేతితో పిసికిచూడుడు, అది గట్టిగా నిలువవలెను. బూటును రెండు చేతులబట్టి వంచుడు. వ్రేళ్ల మొదట వంగవలెను గాని నడుమ మడతపడరాదు. కాలిబాట మీది నకళ్లలో ఎక్కువభాగ మీ పరీక్షకు నిలువలేదు. గుర్తు నకలైనందుకు నాకు పట్టింపు తక్కువ. లోపల అట్టముక్క యుండుట నాకు పట్టింపు.

గొప్ప పేరు గలది మాత్రము ఎన్నడును చెడదా యందురేమో. 2019 ఫిబ్రవరిలో అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయముల నడుమ జరిగిన ఆటలో, మొదలై నిమిషమైనను కాకమునుపే జయన్ విలియమ్సన్ అను యువకుని నైకీ బూటు ప్రక్కకు చీలి అతని పాదము బయటికి వచ్చినది, మోకాలు బెణికినది. భారీ శరీరము, ప్రక్కకు లాగిన బలము. ఏ కుట్టు ఎంత ఆపునో ఆ క్షణమున తెలియును.

ఇక నా శ్రోతలలో తల్లులు ముఖ్యముగా వినవలసిన సంగతి చీలమండ. ఈ యాటలో చాల తరచుగా తగులు దెబ్బ అదియే. ఒకని పాదముమీద వేరొకడు దిగుటచే పాదము లోపలికి మడతపడి, వెలుపలివైపు నరములు సాగును. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మొదట ఎముకల వైద్యమునకే నిజాం పేర వెలసినది. మైదానమునకు అంత చేరువలో నుండుట మా యదృష్టమని మేము నవ్వుకొనుచుందుము. ఎత్తుబూటు చీలమండను కాపాడునని లోకమంతయు నమ్మినది. 1993లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో 622 మంది కళాశాలవారికి ఎత్తుబూట్లు, పొట్టిబూట్లు చీట్లువేసినట్లు పంచి చూచిరి. గాయములలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 2001లో ఆస్ట్రేలియాలో మెకే మొదలగువారు పదివేలకు పైగా ఆటగాళ్లను గమనించి వ్రాసినది మరింత వింతగానున్నది: మడమక్రింద గాలితిత్తులు గల బూట్లు తొడిగినవారికి గాయము నాలుగు రెట్లకు పైగా తగిలెను. అంతకంటె మించిన కారణము, మునుపు ఒకసారి బెణికియుండుట. అట్టివారికి ప్రమాదము ఇంచుమించు ఐదు రెట్లు.

అట్లైన కాపాడునదేది? 2011లో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉన్నతపాఠశాలలలో 1,460 మంది బాలబాలికలను రెండు జట్లుచేసి, ఒక జట్టునకు తాళ్లతో బిగించు చీలమండ పట్టీ నిచ్చిరి. పట్టీ గలవారిలో చీలమండ గాయములు మూడవవంతునకు తగ్గెను. పట్టీ ధర బూటు ధరలో కొద్దిభాగమే. ఒంటికాలిమీద కన్నులు మూసికొని నిలుచు అభ్యాసమునకు ఆ మాత్రపు ఖర్చును లేదు. నా యొద్ద ఆడు ఒక బాలిక రెండుమార్లు బెణికిన కాలితో ఆట మానుటకు సిద్ధపడెను; తండ్రి ఖరీదైన ఎత్తుబూట్లు కొనిచ్చెదననెను. వలదని చెప్పి, పట్టీ కొనిపించి, ప్రతిదినము పది నిమిషములు ఒంటికాలి నిలుపు చేయించితిని. ఈ సంవత్సరము ఆమె ఆడుచున్నది. ఒక్క బాలిక ఆడుట శాస్త్రప్రమాణము కాదు. ఐనను ఆ తండ్రి డబ్బు మిగిలినది.

బరువును గూర్చి యొక చిత్రమైన సంగతి కలదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరీక్షలో, తేలిక బూటు తొడిగితిమని తెలిసిన ఆటగాళ్లు సుమారు రెండు శాతము ఎక్కువ ఎత్తు ఎగిరిరి. ఏ బూటు తేలికయో తెలియనియ్యకుండ తొడిగించినప్పుడు భేదమే లేదు! మనస్సు ఎగిరినదే గాని బూటు ఎగురలేదు.

కొలతను గూర్చి చెప్పి ముగించెదను. మన దేశమున వాడు కొలతలు ఇంగ్లండువారివి. చెన్నపట్టణమునందలి కేంద్ర తోలు పరిశోధనాలయమువారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వరకు దేశమందు 79 చోట్ల లక్షమందికి పైగా జనుల పాదములను కొలిచి, మన పాదములు ఆ కొలతలకంటె వెడల్పైనవని కనుగొనిరి. మనవారు వెడల్పు చాలక పొడవు పెంచి కొందురు. అప్పుడు ముందు ఖాళీ మిగిలి పాదము లోపల జారును, గోరు నల్లబడును. పొడవు పెంచక, వెడల్పుగా చేసిన బూటునే వెదకుడు. సాయంకాలము, పాదము కొంచెము ఉబ్బినవేళ, ఆటకు తొడుగు మేజోళ్లతోనే తొడిగిచూడుడు. ఆ కొలతలలోనే బాలుర పాదము పదునైదు, పదునారేండ్ల వరకు, బాలికలది పదునొకండేండ్ల వరకు ముఖ్యముగా పెరుగునని తేలినది; కావున ఎదుగు బాలునికి పదునైదువేల జత కొనుట, ఆరుమాసములకు చాలని చొక్కాకు జరీ కుట్టించుటయే. పెట్టెమీది చీటీలో తయారైన మాసము, సంవత్సరము చూడుడు. తగ్గింపు ధరకు వచ్చు పాత సరకులో కొన్నిటి నురుగు, తేమకు లోలోపల చివికి, తొడిగిన వారమునకే పొడియై రాలును.

జిగురు విడిపోవుట వేరు చిక్కు. మే మాసపు సిమెంటు వేడిమికి అడుగు ముందుభాగము నోరు తెరచును. అమీర్‌పేటలో చెట్టుక్రింద కూర్చుండు వృద్ధుడైన చెప్పులు కుట్టునాయన యొకడు, మా పిల్లల బూట్లకు చుట్టును దారము వేయును. "గమ్ము ఎండకు ఆగది సారూ, దారమే ఆగుతది" అనును. క్రొత్తబూట్లనైనను ఆడకముందే ఆయనచేత కుట్టించి తెమ్మని చెప్పుచుందును. వానలో తడిసినచో లోపలి అట్ట తీసి, కాగితములు కుక్కి, నీడలో ఆరవేయవలెను, ఎండలో పెట్టరాదు.