మెరిసేదంతా ఒకే ఉక్కు కాదు

ఆవకాయను మన పెద్దలు జాడీలో పెట్టారేగాని లోహపాత్రలో పెట్టలేదు. ఉప్పూ పులుపూ లోహాన్ని తింటాయని వారు అనుభవం వల్ల ఎరుగుదురు. వంటింటి సత్యమే కర్మాగారంలోనూ వర్తిస్తుంది.

ఆ మధ్య మేము భీమవరం ప్రాంతంలో రొయ్యలను శుభ్రపరచి ఘనీభవింపజేసే ఒక కర్మాగారానికి వెళ్ళాము. కన్వేయరు మీద సాగిపోతున్న రొయ్యలను స్త్రీలు ఇరువైపులా నిలిచి ఏరుతున్నారు. ఉన్నట్టుండి కన్వేయరు ఆగిపోయింది. గొలుసులో ఒక పిన్ను తెగింది. బాగుచేయడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఐసు కరుగుతూనే ఉన్నది. ఏరిన బరువును బట్టి కూలి అందుకొనే ఆ స్త్రీలకు ఆ రెండు గంటలూ నష్టమే.

తెగిన పిన్నును అరచేతిలో పెట్టుకొని చూచాము. మెరుస్తూనే ఉన్నది గాని, ఒంటినిండా సూదితో పొడిచినట్లు సన్నని గుంటలు. “స్టెయిన్‌లెస్ స్టీలే గదా?” అని అడిగాము. “గట్టి రకమేనండీ, కాని ఉప్పునీటికి ఆగే రకం కాదు” అన్నారు అక్కడి ఫిట్టరు.

విషయమంతా ఆ మాటలోనే ఉన్నది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రేర్లీ, తుపాకీ గొట్టాలు త్వరగా పాడుకాని ఉక్కును వెదకుతూ, క్రోమియం కలిపిన ఉక్కును తయారుచేశాడు. నూటికి కనీసం 10.5 పాళ్ళు క్రోమియం ఉంటే, ప్రాణవాయువుతో కలిసి కంటికి కనబడని పొర ఒకటి ఉక్కును కాపాడుతుంది. గీత పడినా ఆ పొర తిరిగి ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడు మాత్రం దానిని అక్కడక్కడ ఛేదిస్తుంది.

మన ఇళ్ళలో వాడే 304 రకంలో సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి. 316 రకంలో 2 నుంచి 3 పాళ్ళు మాలిబ్డినం కూడా చేరుతుంది. అందుచేత ఉప్పునీటికి అది మేలు. అయితే ఈ రెండూ కొంత మెత్తనివి; కాచి చల్లార్చినా గట్టిపడవు. 420 వంటి రకాలు అలా గట్టిపడి అరుగుదలకు ఆగుతాయి గాని, ఉప్పుకు లొంగిపోతాయి. పైగా స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ ఒరుసుకొంటే పట్టేసుకొంటుంది; కనుక నడుమ గట్టి ప్లాస్టిక్ బద్దలు అమరుస్తారు.

ఫిట్టరు 316 పిన్నులనే ఎన్నుకొన్నారు. “ఇవి త్వరగా అరుగుతాయి గదా?” అన్నాము. “అరిగితే గొలుసు సాగుతుందండీ, కొలిచి ముందే మార్చుకొంటాము. గుంట పడిన పిన్ను చెప్పకుండా తెగుతుంది” అన్నారాయన.

చెప్పి వచ్చే నష్టానికి సిద్ధపడవచ్చును. చెప్పకుండా వచ్చే నష్టాన్ని మోసేది మాత్రం కన్వేయరు పక్కన నిలిచినవారే.