విశ్రాంత జీవితం ఎక్కడ? - రిటైర్‌మెంట్ వీసా గురించి నాలుగు మాటలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు మేము కొంచెం వెనకాడాము. మేము వక్తలం కాము. దుబాయి సంపాదనతో పిల్లల్ని చదివించుకున్న మామూలు కుటుంబం. అయితే ఈమధ్య సభ్యులు చాలామంది మా ఇంటికి వచ్చి ఒకటే ప్రశ్న వేస్తున్నారు. "భాయీ, అరవై దగ్గర పడుతోంది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. రిటైర్‌మెంట్ వీసా అంటున్నారే, అది తీసుకుని అక్కడే ఉండిపోవచ్చునా?" అని. ఇంటింటికీ చెప్పేకన్నా పదిమందిలో ఒక్కసారి చెప్పటం మేలనిపించి ఒప్పుకున్నాము.

ముందుగా మా సంగతి. 1992లో మేము దుబాయి వెళ్ళాము. వెళ్ళాము అనటం అలవాటే గాని, వెళ్ళినది మాలో ఒకరే. రెండోవారు కడపలో అత్తమామలను, ముగ్గురు పిల్లలను చూసుకుంటూ ఉండిపోయారు. రెండేళ్ళకొకసారి సెలవు. అప్పుడప్పుడు విజిట్ వీసా మీద అక్కడ రెండు నెలలు. ముప్ఫై ఏళ్ళలో మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే నాలుగేళ్ళు కూడా నిండవు. అందుచేత 2022లో ఈ వీసా మాట వచ్చినప్పుడు అది మాకు డబ్బు లెక్కగా మాత్రమే కనిపించలేదు. మిగిలిన జీవితం ఇద్దరం కలిసి ఎక్కడ గడపాలి అన్నది అసలు ప్రశ్న.

ఇక నిబంధనలు. గల్ఫ్ దేశాలన్నిటికీ ఒకే చట్టం లేదు. మేము చెప్పేది ఎమిరేట్స్ సంగతి. పదవీ విరమణ చేసిన పరదేశీయులకు ఐదేళ్ళ వీసా ఇవ్వాలని అక్కడి మంత్రివర్గం 2018లో నిర్ణయించింది. దుబాయి తన పథకాన్ని 2020లో ప్రారంభించింది. దుబాయి పథకానికి 55 ఏళ్ళు నిండాలి. ఆ పైన ఆస్తి గానీ ఆదాయం గానీ చూపాలి. దానికి దారులు నాలుగు. నెలకు 15 వేల దిర్హాముల ఆదాయం ఉండటం ఒకటి. 10 లక్షల దిర్హాములు మూడేళ్ళ డిపాజిట్‌లో ఉంచటం రెండోది. 10 లక్షల విలువైన ఇల్లో ఫ్లాటో అక్కడ ఉండటం మూడోది. డిపాజిట్ 5 లక్షలు, ఆస్తి 5 లక్షలు కలిపి చూపటం నాలుగోది. మిగిలిన ఎమిరేట్లలో ఆదాయం నెలకు 20 వేలు అడుగుతారు. 10 లక్షల దిర్హాములంటే మన రూపాయల్లో రెండు కోట్లు దాటిన మాట.

మొదటి దారి తేలికగా కనిపిస్తుంది. కాని అది పెన్షన్ ఉన్నవారి దారి. మనవాళ్ళకు అక్కడ పెన్షన్ ఎక్కడిది? ఉద్యోగం వదిలిన రోజున గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల మూలవేతనం. ఎంత సర్వీసు చేసినా రెండేళ్ళ జీతానికి మించదు. అది ఒకసారి చేతికొచ్చే సొమ్మే గాని నెలనెలా వచ్చేది కాదు. ఇంటి అద్దెలో, వ్యాపారంలో వాటాయో ఉన్నవారు మాత్రమే ఆ దారిన పోగలరు.

కనుక మేము డిపాజిట్ దారి చూసుకున్నాము. వడ్డీ మాట ఇబ్బందిగా ఉన్నవారికి అక్కడ ఇస్లామిక్ బ్యాంకులున్నాయి, లాభంలో వాటా పద్ధతిన డిపాజిట్లు తీసుకుంటాయి. దాచుకున్నదీ, గ్రాట్యుటీ, హైదరాబాదులో కొన్న స్థలం, ఇవన్నీ కలిపినా లెక్క సరిపోలేదు. కడప ఇల్లు అమ్మితే సరిపోతుంది. ఆ ఇల్లు మా ఇంటావిడ పేరున ఉంది. మహర్ సొమ్ముతో కొన్న స్థలంలో ఆమె దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు.

"అలాగే అమ్ముదాం లెండి," అన్నది. మూడు రోజుల తర్వాత ఫోనులో ఒక మాట అడిగింది. "వీసా మీ పేరున. డిపాజిట్ మీ పేరున. మీ వీసా మీద నేను. అల్లా మీకు నూరేళ్ళు ఇవ్వాలి. ఒకవేళ మీరు ముందుపోతే, ఆ ఊళ్ళో నేనెవరిని?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా కాగితం మీద వేసిన లెక్కల్లో అది లేనేలేదు. మర్నాడు తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాము. భర్త వీసా మీద ఉన్న భార్య హక్కు భర్త వీసాతోనే ముడిపడి ఉంటుంది. భర్త చనిపోతే వితంతువుకు ఒక ఏడాది ఉండే వీలు 2018 నుంచి కల్పించారు. ఆ పైన ఆమె తన దారి చూసుకోవాలి. మరణవార్త అందగానే బ్యాంకు ఖాతా ఆపేస్తారు. వారసులెవరో కోర్టు తేల్చేదాకా ఆ సొమ్ము కదలదు. అంటే ఇల్లు అమ్మిన డబ్బు అక్కడ చిక్కుకుంటుంది, ఇక్కడ ఇల్లు ఉండదు, ఇద్దత్ కాలం కూడా ఆమె అద్దె ఇంట్లో గడపాలి.

ఇంతలో కాగితాల పని కూడా మొదలుపెట్టి ఉన్నాము. మన నికానామా కాజీగారు ఉర్దూలో వ్రాసినది. అందులో ఆమె పేరు చివర 'బీ', పాస్‌పోర్టులో 'బేగం'. ఒకచోట 'షేక్' ముందుంది, ఒకచోట అసలే లేదు. అది సరిచేయించి, తర్జుమా చేయించి, రాష్ట్ర ప్రభుత్వ ధృవీకరణ, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఎమిరేట్స్ రాయబార కార్యాలయం ముద్ర, ఆ తర్వాత అక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. మాకు ఏడు నెలలు పట్టింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురాన్ని రుజువు చేసుకోవటానికి ఏడు నెలలా అని ఇద్దరం నవ్వుకున్నాము. భార్యను తన వీసా మీద ఎన్నడూ తీసుకుపోని వారందరికీ ఈ చిక్కు వస్తుంది. వీసా తీసుకున్నా తీసుకోకపోయినా ఈ ఒక్క పని ఈ ఏడే చేసి పెట్టుకోండి.

ఆరోగ్య బీమా సంగతి కూడా చెప్పాలి. అది లేనిదే వీసా లేదు. షుగరూ బీపీ ఉన్నవారికి వయసు పెరిగేకొద్దీ ప్రీమియం బరువవుతుంది. ఈ వీసా మీద ఉద్యోగం చేయరాదు గనుక ఆ ఖర్చు దాచుకున్న దానిలోంచే పోవాలి. ఐదేళ్ళకు రెన్యువల్ వచ్చినప్పుడు అర్హత మళ్ళీ చూపాలి. అది పౌరసత్వం కాదు, ఉండనిచ్చే అనుమతి మాత్రమే.

చివరకు మేము దరఖాస్తు పెట్టలేదు. 2023లో కడప వచ్చేశాము. అయితే మమ్మల్ని చూసి అందరూ రావాలని మేము చెప్పము. మా గది పక్కన ఉండే నెల్లూరు పెద్దమనిషి ఆ వీసాయే తీసుకున్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ అక్కడే ఉద్యోగాల్లో ఉన్నారు. ఫ్లాటు ముందే కొనుక్కున్నాడు. నెల్లూరులో ఆయనకోసం ఎదురుచూసేవారు లేరు. ఆయనకు అదే సరైన దారి. ఇక్కడికి వచ్చాక మాకు ఇబ్బందులు లేవనీ అనము. ముప్ఫై ఏళ్ళు విడిగా ఉన్నవాళ్ళం ఒకరి అలవాట్లు ఒకరు నేర్చుకోవటానికే ఏడాది పట్టింది. దుబాయి ఆసుపత్రీ, అక్కడి స్నేహితులూ గుర్తొస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఆలోచిస్తున్నవారికి మా మనవి ఇంతే. నిబంధనల కాగితం చూడకముందు ఆలుమగలిద్దరూ కూర్చోండి. నెలనెలా వచ్చేదెంత, ఒకసారి వచ్చేదెంత, వేరుచేసి వ్రాయండి. డిపాజిట్‌కు పోను ఆపదకు చేతిలో ఎంత మిగులుతుందో చూడండి. ఊళ్ళో ఇల్లు అమ్మకుండా కుదరకపోతే ఒకటికి పదిసార్లు ఆలోచించండి. ఇద్దరిలో ఒకరు పోతే రెండోవారు ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ కాగితం మీద ఉంటారో తేల్చుకోండి. అప్పుడు అధికారుల నుంచే తాజా నిబంధనలు తెలుసుకోండి, ఏజెంటు మాటమీద సంతకం చేయకండి. తిరిగి రావాలనుకుంటే ఎన్.ఆర్.ఇ. ఖాతాను ఇక్కడి రెసిడెంటు ఖాతాగా మార్చుకోవటం మరవకండి.

మగవారికి ఒక్కమాట. ఈ లెక్క ఒంటరిగా గదిలో కూర్చుని వేయకండి. మేము అలాగే వేశాము. మూడు రోజుల తర్వాత వచ్చిన ఆ ఫోను రాకపోయి ఉంటే, ఇవాళ ఈ సభనుంచి మేము పోవటానికి కడపలో ఇల్లు ఉండేది కాదు.

పరదేశంలో ఉన్న మన పిల్లలందరికీ, వారికోసం ఇక్కడ ఎదురుచూస్తున్న తల్లులకూ భార్యలకూ అల్లా ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. ఆమీన్.