చీనా పండితుల రూపచిత్రములు

చీనా దేశమున రూపచిత్రము గోడకు అలంకారము మాత్రమే కాదు. గతించిన పెద్దల చిత్రములకు వంశీయులు నమస్కరించుట అచ్చటి ఆచారము. జీవించియున్న పండితుడు తన చిత్రముపై మిత్రులచేత పద్యములు వ్రాయించుకొనుటయు కలదు. కావున చిత్రమున పోలిక తప్పరాదు, శీలమును కనబడవలెను. ఇందులకు అచ్చటి చిత్రకారుని ప్రధాన సాధనము రేఖ. ముఖముపై నీడను దిద్దినచో దానిని మరకగా నెంచినవారు పెక్కురు.

అట్టి దేశమునకు ఇటలీ మతబోధకుడు మత్తెయో రిచ్చీ పాశ్చాత్య చిత్రములను గొనిపోయెను. 1601లో బీజింగ్‌లో చక్రవర్తికి సమర్పించిన కానుకలలో అవియు ఉండెను. వెలుగునీడల కూర్పుచే అందలి ముఖములు పటమునుండి ముందుకు వచ్చినట్లు తోచును.

ఆ కాలముననే నాన్‌జింగ్‌లో జెంగ్ జింగ్ (1564–1647) అను చిత్రకారుడుండెను. ఆయన పలుచని రంగును పూతపై పూతగా పదుల పర్యాయములు అద్ది, కనుగుంటలకు లోతును, చెక్కిళ్ళకు నిండుదనమును కల్పించెడివాడు. 1616లో పట్టుగుడ్డపై వ్రాసిన వాంగ్ షిమిన్ చిత్రము ఇందులకు చక్కని నిదర్శనము. యువపండితుడు వింజామర చేబూని ఆసీనుడై యున్నాడు. వస్త్రము కొలదిపాటి రేఖలతో ముగిసినది. ముఖము మాత్రము సజీవముగా ఉబికియున్నది. అయినను ఒక దిక్కునుండి వెలుగు పడిన జాడ లేదు. ఇది రిచ్చీ తెచ్చిన చిత్రముల ప్రభావమా, స్వదేశ సంప్రదాయమునకే పరిణామమా యను విషయమున విమర్శకులు ఏకాభిప్రాయులు కారు.

షూ బెయ్‌హోంగ్ (1895–1953) విషయమున ఇట్టి సందేహమునకు తావు లేదు. ఆయన 1919లో ఫ్రాన్సునకేగి, పారిస్‌లో శాస్త్రీయముగా చిత్రకళ నభ్యసించి, 1927లో స్వదేశము చేరెను. రవీంద్రుని ఆహ్వానముపై శాంతినికేతనమునకు వచ్చి, 1940లో ఆ మహాకవిని చిత్రించెను. కాగితము, కుంచె, సిరా చీనావి. నుదుటి ఎముకల కట్టును, కనుల లోతును పట్టిన చూపు పారిస్‌లో అలవడినది. ఇచ్చటను ముఖమున గాఢమైన నీడలు లేవు.

ఈ ఇరువురి చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మనకొక సత్యము గోచరించును. ముఖమునకు లోతు వచ్చినది, కాని రేఖ తన స్థానమును విడువలేదు. ఒక గడియలో పడు వెలుగు మారిపోవును. పండితుని శీలము ఆ గడియకు చెందినది కాదు. కావుననే వారు నీడను వర్జించిరి. పరుల విద్యనుండి దేనిని గైకొనవలెనో ఎరుగుట ఎంత అవసరమో, దేనిని విడువవలెనో ఎరుగుటయు అంత అవసరమని ఈ చిత్రములు మనకు తెలుపుచున్నవి.