ఖాళీ అడవి కాదది

నేను ఫోటోగ్రఫీ చదువుతున్న మన్యం పిల్లని.

మొదటి ఏడాది నేను తీసినవన్నీ మంచు, కొండ, వలిసె పూలు. మనిషన్నవాడు లేడు. చేనులో ఉన్న అమ్మని కూడా ఫోటోకి అడ్డమని పక్కకి జరగమన్నాను. తర్వాత ఆ ఫోటో చూసి అమ్మ అడిగింది: "ఈ వలిసెలు వాటికవే మొలిచాయేటే?"

ఆలోచించండి. మనుషుల్లేని కొండ బొమ్మ చూసినవాడు అది ఖాళీ భూమే అనుకుంటాడు. ఖాళీ అన్నాక మనల్ని లేపెయ్యడం ఎంతసేపు?

2006 అటవీ హక్కుల చట్టం నిబంధనలు చదవండి. ఇల్లు, చదును చేసిన నేల, గట్లు, బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు, అన్నీ సాక్ష్యాలే. ఇవన్నీ మా ఊళ్లో ఉన్నాయి. నా ఫోటోల్లోనే లేవు.

ఫోటో ఒక్కటే పట్టా తేదు. ఒకటికి మించి సాక్ష్యాలు కావాలి. 2005 డిసెంబర్ 13కి ముందునుంచీ భూమి మన చేతిలో ఉందని చూపాలి. అందుకే గట్టు ఫోటో తీసి, అది ఎవరు, ఎప్పుడు వేశారో పెద్దల మాట కాగితం మీద రాయించండి. పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమే. రెండూ గ్రామసభ ముందు పెట్టండి. దేవత చోటు దగ్గర మాత్రం అడిగాకే ఫోను తియ్యండి.

ఈ ఏడు వలిసె చేనుని మళ్లీ తీశాను. మధ్యలో అమ్మ ఉంది.

జై ఆదివాసీ!