ఫార్వర్డుకు ముందు విచారణ



జుమా శుభాకాంక్షలను సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి వందలాది మందికి పంపితే వాట్సాప్ తన అకౌంటునే మూసివేసిందని మన లక్డీకాపూల్ యువకుడొకడు వాపోయాడు. పుణ్యకార్యానికి హద్దేమిటని అతని ప్రశ్న.

ఆ హద్దు ఊరికే రాలేదు. 2018 మే నెలలో, పవిత్ర రంజాన్‌లోనే, పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకారు ఫోన్లలో పాకింది. మన నగరంలోనే, చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు కొట్టి చంపింది. దేశంలో ఇంకా అనేక చోట్ల ఇటువంటి హత్యలు జరిగాయి. ఆ జూలైలో వాట్సాప్ భారతదేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు కుదించింది. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్క చాట్‌కే పరిమితం చేసింది.

అయితే ఈ ఏర్పాటు ఎన్నిసార్లు పంపారో లెక్కిస్తుందే గాని, నిజమో కాదో తేల్చదు. ఆ బాధ్యత మనది. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించమనీ, లేకుంటే తెలియక ఎవరికో హాని చేసి పశ్చాత్తాపపడతామనీ హుజురాత్ సూరా ఆరవ ఆయతు హెచ్చరిస్తోంది. శుభవార్తకూ ఈ విచారణ అవసరమే అని నా అభిప్రాయం.

ఎందుకంటే నేనూ తప్పు చేశాను. ఒక బాలునికి అత్యవసరంగా రక్తం కావాలన్న సందేశాన్ని, తేదీ చూడకుండా, తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాను. మన మస్జిద్ యువకుడొకడు వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తినది తల్లి. బాబు చనిపోయి ఏడాది దాటిందనీ, ఇంకా రోజూ ఫోన్లు వస్తూనే ఉన్నాయనీ ఆమె చెప్పింది. ఆ రాత్రే అన్ని గ్రూపులకూ సవరణ పంపాను. నా ఫార్వర్డు చేరిన వారిలో ఎందరికి అది చేరిందో అల్లాహ్‌కే తెలుసు.